మూడుసార్లు కడిగాను

ఫిబ్రవరి 20, శుక్రవారం

అనూష వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి, వీధిలో మనుషులు లేని వేళ చూసుకుని మరీ వచ్చింది. మార్చి ఎనిమిదిన పెళ్ళి. ముందు ఫేషియల్ అంది, తర్వాత పూలజడ గురించి అడిగింది, ఆ తర్వాత గదిలో ఉన్నది ఇద్దరమే అయినా గొంతు తగ్గించి, "అక్కా, మీరు బికినీ వ్యాక్స్ చేస్తారా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఈ పిల్లకి పదో తరగతిలో మొదటిసారి కనుబొమలు దిద్దింది నేనే. ఇప్పుడు తనే ప్రైవేటు బడిలో పదో తరగతికి లెక్కలు చెబుతోంది.

చేస్తానన్నాను. అద్దంకిలో ఈ పని పద్ధతిగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. గుంటూరులో ఆరు నెలలు ఊరికే నేర్చుకోలేదు. ఏడాదికి ముగ్గురో నలుగురో అడుగుతారు. చేయించుకున్నవాళ్ళు ఇంకొకరికి చెప్పరు, కాబట్టి ఈ పనిలో నాకు పేరు మాత్రం రాదు.

"పెళ్ళికొడుకు అడిగాడా ఏంటి?" అన్నాను. నాగచైతన్య అతని పేరు. పొన్నూరులో బియ్యం వ్యాపారం.

"ఛీ, అదేం లేదక్కా. చీర వాళ్ళకి నచ్చింది, నగలు మా అమ్మకి నచ్చినయ్యి, ముహూర్తం పంతులుగారికి నచ్చింది. ఇదొక్కటన్నా నా కోసం చేయించుకుంటాను. బ్లేడు పెట్టినప్పుడల్లా కురుపులొస్తన్నయ్యి నాకు."

ఆ మాట నాకు బాగా నచ్చింది. చేయవలసినవన్నీ కాగితం మీద రాసిచ్చాను. ఇవాళ్టి నుంచి బ్లేడు తగలనివ్వద్దు, వెంట్రుక బియ్యపు గింజంత ఉండాలి. నెలసరి ముందు రోజుల్లో వద్దు, అప్పుడు చర్మం ముట్టుకుంటేనే నొప్పి. రెండు రోజుల ముందు తడిగుడ్డతో మెల్లగా రుద్దుకోవాలి, వచ్చే రోజున మాత్రం రుద్దకూడదు, క్రీమూ నూనే ఏదీ రాయకూడదు. పెళ్ళికి ముందురోజు అస్సలు కాదు, ఎందుకంటే నలుగు పెట్టి వేడినీళ్ళు పోస్తారు, లాగిన చర్మం దాన్ని తట్టుకోదు. కనీసం నాలుగు రోజుల తేడా ఉండాలి. మార్చి మూడు, మంగళవారం పదకొండు గంటలకి రమ్మన్నాను.

లెక్కల టీచరు కదా, నేను చెప్పినదాన్నంతా వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "సరేనక్కా" అని వెళ్ళింది. అటువంటి కస్టమర్లు ఉంటే పని చేయాలనిపిస్తుంది.

ఇంట్లో రంజాన్ ఒక్కపొద్దులు మొదలై రెండో రోజు. మా ఆయన నాగూర్ వలి కౌలుకు తీసుకున్న మిరపతోటలో కోత సగం అయింది. పురుగు తిన్నంత తిని, మిగిలినదాన్ని రేటు తినేసింది. ఆయన పొద్దున వెళ్ళి సాయంత్రం ఒక్కపొద్దు విడిచే వేళకు వస్తాడు. ఖర్జూరం నోట్లో వేసుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంటాడు. ఇంటిముందు గదిలో ఈ పార్లర్ లేకపోతే మా బతుకు ఏమయ్యేదో ఆలోచించను. ఆలోచిస్తే నిద్ర పట్టదు.

ఫిబ్రవరి 26

మైనం వచ్చింది. చేతి తొడుగుల డబ్బా రాలేదు. గుంటూరు షాపువాడు వచ్చే వారం పంపుతాడట.

మార్చి 1, ఆదివారం

మబ్బు పట్టింది. కల్లంలో ఆరబోసిన కాయ తడుస్తుందని మా ఆయన బస్తాలన్నీ ఇంటికి తెచ్చి పెరట్లో పోశాడు. కూలీలు రేటు బాగున్న తోటలకు పోయారు. ఇక నేనూ, మా అత్త మాబూబీ. ఎర్రకాయలోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం. ఇల్లంతా దగ్గులే.

సాయంత్రానికి చేతులు నిప్పుల్లా ఉన్నాయి. కుళాయి కింద పెడుతుంటే అత్త అరిచింది. "సబ్బుకి పోయేదా అది? ముందు నూనె రాసుకుని గుడ్డతో తుడుచుకో. ఆనక సబ్బు. పెళ్ళై పన్నెండేళ్ళయింది, ఇంకా నేర్చుకోలేదు నువ్వు."

నూనె చేతులతో నాకు పని సాగదు. ఎంత తుడిచినా ఆ జిడ్డుకి మైనం పట్టీ వేళ్ళ మధ్య జారుతుంది. ఆమెకేం తెలుసు నా పని సంగతి.

మార్చి 3, మంగళవారం

తెల్లవారుజామున అన్నం తిన్నాక పడుకోలేదు. పొద్దు పొడిచేసరికి కాయల దగ్గర కూర్చున్నాం. పదింటి దాకా ఏరాను. తర్వాత చేతులు మూడుసార్లు కడిగాను. సబ్బుతో రెండుసార్లు, షాంపూతో ఒకసారి. గోళ్ళ సందులు కూడా బ్రష్‌తో రుద్దాను. మూడుసార్లు.

అనూష చెప్పిన టైముకి వచ్చింది. చెప్పినవన్నీ చేసింది. చర్మం శుభ్రంగా ఉంది, పొడిగా ఉంది, ఎక్కడా గాటు లేదు. వేసుకోవడానికి వదులు పైజామా కూడా తెచ్చుకుంది. తొడుగులు లేవు. పోనీ వాయిదా వేద్దామంటే ఎప్పటికి? ఎల్లుండి నుంచి వాళ్ళింట్లో చుట్టాలు దిగుతారు. ఆ తర్వాత ఆ పిల్లకి గడప దాటే వీలుండదు.

మైనం వేడి మణికట్టు మీద చూసుకున్నాను. సరిగ్గా ఉంది. పౌడరు చల్లాను. ఒక చేత్తో చర్మం బిగించి పట్టుకుని, పట్టీ ఒకే ఊపులో లాగి, లాగిన వెంటనే అరచెయ్యి గట్టిగా అదిమాను. అలా అదిమితే నొప్పి అణిగిపోతుంది. గుంటూరులో మా మేడమ్ నేర్పిన కిటుకు అది. మిగతా పార్లర్ల వాళ్ళు లాగి వదిలేస్తారు. నేను వదలను. ప్రతిసారీ అదిమాను.

సగం అయ్యేసరికి మంట అంది. అందరూ అనేదే.

"తట్టుకోవాలమ్మా. పెళ్ళికూతురివి."

"నొప్పి కాదక్కా, మంట. లోపల్నుంచి వస్తంది."

పని మధ్యలో ఏదేదో అడుగుతూనే ఉంది. భయపడేవాళ్ళు అలాగే మాట్లాడతారు. నాకు తోచింది చెప్పాను. మిగతా సగం పూర్తి చేసి, కలబంద జెల్ నేనే దగ్గరుండి పట్టించాను. మామూలుగా అయితే జెల్ చేతికిచ్చి నువ్వే రాసుకో అంటాను. ఈ పిల్ల కదా అని నేనే రాశాను.

లేచి నిలబడ్డాక ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. కళ్ళలో నీళ్ళు. స్కూటీ మీద కూర్చోలేకపోయింది. దాన్ని మా ఇంటి ముందే వదిలి ఆటోలో వెళ్ళింది.

మైనం వేడి ఎక్కువ కాలేదు. నేను చూసుకున్నాను. చర్మం ఎక్కడా లేవలేదు. కొందరికి మొదటిసారి అంతే ఉంటుంది.

సాయంత్రం మరిచిపోయి కన్ను నలుపుకున్నాను. అరగంట నీళ్ళు కారాయి. పెరట్లో ఘాటు ఇంట్లోకి కొడుతోంది మరి.

మార్చి 4

అనూష ఫోన్ చేసింది. నిద్ర లేదట. ఫ్యాను కింద తడిబట్ట పెట్టుకుని కూర్చుందట.

అడగవలసినవి అడిగాను. వేడినీళ్ళు పోసుకున్నావా? లేదు. బిగుతు బట్టలు? లేవు. లోషన్ ఏమైనా రాశావా? "స్నానం చేశాక కాళ్ళకి రాసుకున్నానక్కా, ఎప్పుడూ రాసుకునేదే" అంది.

"అదీ! చెప్పానా ఏదీ రాయొద్దని? ఆ సెంటు లోషన్లు పడవమ్మా. అది చేతికి అంటుకుని అక్కడికి తగిలి ఉంటుంది."

"కాళ్ళకేగదక్కా రాసుకుంది..."

"చేతులతోనేగా రాసుకుంది?"

ఐసు గుడ్డలో చుట్టి పెట్టుకోమన్నాను, నేరుగా కాదు. గోకొద్దన్నాను. వదులు నూలుబట్టలు, చల్లనీళ్ళు, రెండు రోజులు సబ్బు వద్దు, చెమట పట్టే పనులు వద్దు. నేను చెప్పినవన్నీ సరైనవే. కోర్సు పుస్తకంలో ఉన్నవే.

పెట్టేసే ముందు, అమ్మకి నా పేరు చెప్పొద్దని మాటవరసకి అన్నాను. పెళ్ళికూతురికి ఈ పనులేంటని వెంకాయమ్మ గారు నన్ను పట్టుకుని దులిపేస్తారు. అంతే, అంతకంటే ఏం లేదు. అనూష కూడా సరేనంది.

మార్చి 5

ఫోన్ రాలేదు. తగ్గినట్టుంది.

మార్చి 6, శుక్రవారం

వెంకాయమ్మ గారే వచ్చారు. అనూష వాళ్ళమ్మ. కూతురి స్కూటీ తీసుకెళ్ళడానికి పక్కింటి కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, లోపలికి వచ్చి కూర్చున్నారు. ఆవిడ ముఖం చూస్తేనే నాకు అర్థమైంది.

"షాజాదీ, నీకు తెలుసుగదమ్మా ఈ క్రీముల సంగతి. మా పిల్ల వెంట్రుకలు ఊడే క్రీము ఏదో ఆన్‌లైన్లో తెప్పించి రాసుకుందంట. ఎక్కడ రాసుకుందో చెప్పటానికే సిగ్గు. కురుపులు లేచి చీము పట్టినయ్యి. నూట మూడు జ్వరం. నిద్దట్లో గోకేసుకుంది. అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతంది. క్రీములు అంత పని చేస్తయ్యా?"

గదిలో కుర్చీలున్నాయి, అద్దం ఉంది, అనూషని పడుకోబెట్టిన ఆ బల్ల కూడా ఉంది. బల్ల మీద ఆవిడ చెయ్యి పెట్టి మాట్లాడుతున్నారు.

"చేస్తాయి పిన్నిగారూ. కొన్ని చర్మాలకి పడవు" అన్నాను.

"లేడీ డాక్టరు కూడా అదే రాసింది. క్రీము పడలేదని. మరి ఎల్లుండే పెళ్ళి."

తగ్గిపోతుందన్నాను. మంచినీళ్ళు ఇచ్చాను. మెట్లు దిగుతూ కూడా ఆవిడ నాకు థాంక్స్ చెప్పారు. నేను ఒక్కపొద్దు మీద ఉన్నాను. ఉమ్మి మింగడానికి కూడా జంకే మనిషిని. ఆ అబద్ధం మాత్రం ఎంత సులువుగా వచ్చిందో.

లోషన్ కూడా క్రీము లాంటిదే కదా. పూర్తిగా అబద్ధం కాదు.

మార్చి 8

పెళ్ళి ఆగింది. అమ్మాయికి విషజ్వరం అని పొన్నూరు వాళ్ళకి చెప్పారట. ఇరవై రెండుకి ఇంకో ముహూర్తం ఉందట. పోనీలే, రెండు వారాలేగా.

మూడుసార్లు కడిగాను కదా.

మార్చి 10, మంగళవారం

పళ్ళు తీసుకుని అనూషని చూడటానికి వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానం వస్తుంది. అది రాయకూడదనుకున్నాను, రాసేశాను.

వాళ్ళ నాన్న చెంచురామయ్య గారు కొట్టు కట్టేసి ఇంట్లోనే ఉన్నారు. పత్తి విత్తనాలూ పురుగుమందులూ అమ్మేచోట నోరు మూయని మనిషి, వసారాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. కూతురితో మాట్లాడటం లేదట. వెంకాయమ్మ గారు నన్ను గదిలో వదిలి టీ పెట్టబోయి, ఒక్కపొద్దని గుర్తొచ్చి ఆగిపోయారు.

అనూష గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బుగ్గలు పీక్కుపోయాయి. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"మీ పేరు చెప్పలేదక్కా" అంది మొదట.

"తెలుసమ్మా."

"నేను లోషన్ రాసుకోబట్టే అంటారా?" అని నా ముఖంలోకి చూసింది. ఊరికే చూడటం కాదు, బోర్డు మీద లెక్క చేస్తున్న పిల్లాడిని చూసినట్టు, తప్పు వాడే దిద్దుకుంటాడేమోనని ఆగి చూసినట్టు చూసింది.

"అంతే అయ్యుంటుంది" అన్నాను.

"సారీ అక్కా. మీరు రాసిచ్చారు వద్దని. నేనే వినలేదు."

ఇరవై ఆరేళ్ళ పిల్ల, నా వల్ల మంచాన పడి, నాకు సారీ చెప్పింది. నేను దాని తల నిమిరి వచ్చేశాను.

నా వల్ల అని రాశాను. కొట్టేయను. ఇక్కడ ఎవరు చూస్తారు. తొడుగులు లేవు, నూనె రాసుకోలేదు, ఘాటెక్కువ ఉండే తేజ రకం కాయ ఏరిన అరచేతులతో లాగిన ప్రతిచోటా అదిమాను. మిరప ఘాటు సబ్బుకి లొంగదని ఈ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. నాకు మూడో తారీకు మధ్యాహ్నమే తెలుసు. కన్ను నలుపుకున్నప్పుడు ఇంకోసారి తెలిసింది.

మార్చి 13, శుక్రవారం

కనుబొమలకని భవ్య వచ్చింది. అనూషతోపాటు బడిలో పనిచేసే టీచరు. దారం పట్టుకుని ఉండగానే మొత్తం చెప్పింది.

పెళ్ళికొడుకు తల్లి ఏం జ్వరమో చూద్దాం, కాగితాలు పంపమందట. చెంచురామయ్య గారు ఆలోచించకుండా ఆస్పత్రి చీటీ ఫోటో తీసి పంపేశారు. కురుపులు ఎక్కడ లేచాయో, ఏ మందులు ఇచ్చారో అందులో ఉన్నాయి. దాన్ని వాళ్ళింట్లో ఎంతమంది చూశారో తెలియదు. పెద్దమనుషులు కూర్చుని ఆడపిల్ల ఒంటి మీద ఆ చోటు గురించి మాట్లాడుకున్నారట. మంచి పిల్లకి అక్కడ రోగం ఎందుకొస్తుంది అన్నారట. పంతొమ్మిదిన గుంటూరులో వాళ్ళు చెప్పిన ల్యాబులో రక్తపరీక్షలు చేయించాలట. పెళ్ళికొడుకు మేనత్త పక్కన ఉండి చూస్తుందట. అది తేలాకే ఇరవై రెండు ముహూర్తం.

"అనూష ఏమంది?" అన్నాను.

"చచ్చినా చేయించుకోనంది. వాళ్ళ నాన్నేమో, తప్పు లేనప్పుడు భయమెందుకు, చేయించుకుని మొహాన కొట్టు అంటన్నాడు. ఆ నాగచైతన్య అన్నవాడు ఇంతవరకూ ఫోన్ కూడా చెయ్యలేదు. మీరే చెప్పండక్కా, క్రీము రాసుకుంటే ఇంత అవుద్దా?"

దారం తెగింది. భవ్య కనుబొమ పక్కన చిన్న గీత పడింది. సారీ చెప్పి, మొదటినుంచీ చేశాను.

మార్చి 14

నలుగురు కస్టమర్లు. నలుగురూ అనూష గురించే. నేను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం అబద్ధం కాదు.

మార్చి 15, ఆదివారం

అత్త ఇవాళ కాయలు ఏరుతూ ఏరుతూ ఆగి అడిగింది. "చెంచురామయ్య కూతురు ఆ మంగళవారం నీ కాడికి వచ్చిందిగా? ఇంటిముందు ఆ పిల్ల బండి మూడు రోజులుంది."

"ఫేషియల్‌కి వచ్చింది."

"ఫేషియల్ చేయించుకుని ఏడ్చుకుంటా ఆటో ఎక్కిందా? నేను పెరట్లో ఉన్నా గానీ చెవుడు లేదు నాకు."

నేను చేట పక్కకి తోసి గట్టిగానే అన్నాను. ఎవరి కోసం ఏరాను ఈ కాయలు? ఎవరి తోటవి? మీరు కూర్చోమంటేనేగా కూర్చున్నాను? ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉందని అనుకుంటూనే అన్నాను. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఒక్కపొద్దంటే కడుపు ఎండబెట్టుకోవటమేనా షాజాదీ" అని మళ్ళీ చేట దగ్గరికి లాక్కుంది.

సాయంత్రం ఆయనకి చెప్పాను. మొత్తం. ఖర్జూరం చేతిలోనే ఉంది, నోట్లో పెట్టుకోలేదు. దాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టేసి అన్నాడు. "చెప్పావంటే ఈ ఊళ్ళో ఇంకెవరూ నీ గుమ్మం తొక్కరు. తోట పోయింది. ఇది కూడా పోతే పిల్లల్ని తీసుకుని యాడికి పోదాం?"

ఆ మాట నిజం. ఆయన తప్పు కాదు. ఆయనకి అనూష ముఖం తెలియదు.

మార్చి 16

రేపు వెళ్ళి చెబుతాను.

మార్చి 17

వెళ్ళలేదు. పొద్దున ఇంకో పెళ్ళికూతురి మేకప్ ఉంది, మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. తొడుగుల డబ్బా ఇవాళ వచ్చింది. విప్పకుండానే అల్మారాలో పడేశాను.

ఎల్లుండి పంతొమ్మిది.

మార్చి 18, బుధవారం

వెళ్ళాను.

ఆయనకి చెప్పలేదు. అత్తకి చెప్పాను, బురఖా వేసుకుంటుంటే నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసింది. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ వెళ్ళాను. గుమ్మంలోకి వెళ్ళేసరికి అనుకున్నదంతా పోయింది. వసారాలో తల్లీ తండ్రీ కూతురూ ముగ్గురూ ఉన్నారు. గుంటూరు వెళ్ళే విషయం మీదే గొడవ అవుతున్నట్టుంది, నన్ను చూసి ఆపారు.

నిలబడే చెప్పాను. క్రీము కాదు, లోషన్ కాదు, ఆ రోజు వ్యాక్స్ చేసింది నేను, పొద్దున్నుంచీ మిరపకాయలు ఏరిన చేతులతో చేశాను, నా పేరు చెప్పొద్దని అడిగింది కూడా నేనే. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను, ఎందుకంటే చెంచురామయ్య గారికి వ్యాక్స్ అంటే ఏమిటో తెలియలేదు.

వెంకాయమ్మ గారు ముందు తేరుకున్నారు.

"మిరప మంటా?" అన్నారు. "ఆ రోజు ఇంటికొచ్చి మంట మంట అని ఏడుస్తంటే ఏం మంటో తెలవక నీళ్ళు పోశాను గదే. మిరప మంటని తెలిస్తే నూనె పట్టించి, పెరుగు రాసి, గంటలో చల్లార్చేదాన్ని. చీము పట్టేదా? జ్వరమొచ్చేదా? నీ ఇంటికొచ్చి అడిగితే, క్రీములు చేస్తయ్యి పిన్నిగారూ అని నా మొహం మీద చెప్పావు. ఎట్టా చెప్పావమ్మా?"

చేతులు బురఖాలోకి లాక్కున్నాను. ఏడుపు కూడా రాలేదు.

చెంచురామయ్య గారు మాత్రం లేచి నిలబడ్డారు. పది రోజుల తర్వాత ఆ ముఖంలో కాస్త రక్తం కనిపించింది. "తిట్టటం ఆనక. ముందు ఫోన్ ఇటియ్యి" అని పొన్నూరు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, నా చేతికి ఇచ్చారు. "ఇప్పుడు చెప్పినట్టే చెప్పమ్మా. పెళ్ళికొడుకు తల్లితో. సిగ్గుపడొద్దు, ఉన్నదున్నట్టు చెప్పు."

మూడోసారి చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. అంతా విన్నాక చాలా మర్యాదగా మాట్లాడింది.

"అన్నయ్యగారూ, మొదట విషజ్వరం అన్నారు. తర్వాత క్రీమన్నారు. డాక్టరు కాగితంలో కూడా క్రీమనే ఉంది. ఇప్పుడు తెల్లారితే పరీక్ష అనంగా మిరపకాయలంటన్నారు. అది కూడా ఎవరో పార్లరమ్మ చేత చెప్పిస్తన్నారు. మేము ఏది నమ్మాలండీ?"

"ఎవరూ చెప్పించట్లేదండి" అని నేను అరిచాను. "ఒక్కపొద్దు మీద ఉన్నాను. అల్లా మీద ఒట్టు. నా చేతులతో నేనే చేశాను."

"ఒట్లెందుకులేమ్మా. నువ్వు చేసినదే అయితే పదిహేను రోజులు ఎందుకు ఊరుకున్నావు? ఆ రోజే చెప్పుంటే నమ్మేవాళ్ళమేమో. అన్నయ్యగారూ, రేపు పదింటికి మావాళ్ళు గుంటూర్లో ఉంటారు. మీరొస్తే వచ్చినట్టు, రాకపోతే అయిపోయినట్టు."

ఫోన్ పెట్టేసింది. చెంచురామయ్య గారు ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డారు. ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆవిడ స్థానంలో నేనున్నా నన్ను నమ్మను. నాలుగో తారీకున నిజమైన మాట పద్దెనిమిదో తారీకు వచ్చేసరికి కట్టుకథ అయి కూర్చుంది. నేనే దాన్ని అన్ని రోజులు ఇంట్లో దాచాను.

"నేను వెళ్ళను నాన్నా" అంది అనూష. "ఆ పరీక్ష అడిగినవాళ్ళింటికి పరీక్ష నెగ్గి కూడా వెళ్ళను. వాళ్ళకి చెప్పేయండి."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. వెంకాయమ్మ గారు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. పీటల మీద కట్టుకోవలసిన చీర ఆ గదిలోనే ఉంది.

నన్ను పొమ్మని ఎవరూ అనలేదు. నేనే మెట్లు దిగుతుంటే అనూష వెనకే వచ్చింది. ఇప్పటికీ మెల్లగానే నడుస్తోంది. గేటు దగ్గర ఆగి, ఏదో ఒకటి అనమని కోరుకుంటూ దాని వైపు తిరిగాను. తిట్టమనే కోరుకున్నాను.

"చెప్పాల్సింది ఆలస్యం చేశానమ్మా" అన్నాను.

"ఆలస్యం కాదక్కా" అంది. గొంతు పెంచలేదు. క్లాసులో కూడా ఈ పిల్ల గొంతు పెంచదని భవ్య అంటుంది. "నేను ఆ రోజే అడిగాను. పడుకునే, మీ చెయ్యి పట్టుకుని అడిగాను. అక్కా, మిరపకాయలేమన్నా పట్టుకున్నారా అని. మీరు నవ్వారు. లేదే, నీకు భయం ఎక్కువ అన్నారు. మీరు లేదన్నాకే మిగతా సగం చేయించుకున్నాను."

గేటు వేసి లోపలికి వెళ్ళింది.

ఇంటికి వచ్చి మార్చి మూడు పేజీ తీశాను. మైనం వేడి రాశాను. పౌడరు రాశాను. అనూష పైజామా కూడా రాశాను. పని మధ్యలో ఏదేదో అడుగుతూనే ఉందని రాశాను. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో కూడా ఏమడిగిందో రాయలేదు.

మిరపకాయలు పట్టుకున్నారా అని అడిగింది. అప్పటికి సగమే అయింది. లేదన్నాను.